అప్‌డేట్: గోరుచిక్కుడు వరుగులు ఎండాయి, బూజు లేదు

మేడ మీద కాసిన గోరుచిక్కుడు కాయల్ని బూజు పట్టకుండా వరుగులు ఎలా చేయాలని అడిగాను కదా, చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. లేత కాయలకు ఈనెలు తీసి, ఉప్పు వేసి మరిగించిన నీళ్లలో రంగు మారేదాకా ఉంచి, వార్చి, పాత నూలు చీర మీద పలచగా ఆరబోశాను. పుల్ల మజ్జిగలో నానబెట్టమన్న సలహా సగం కాయలకే పాటించాను. అవే రుచి! మామూలువీ బాగున్నాయి గానీ, పప్పన్నంలో నంజుకోవడానికి ఆ పులుపు తగలాల్సిందే. పొద్దు వాలగానే లోపలికి తెచ్చేసేదాన్ని. వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, వేడి పూర్తిగా చల్లారాక సీసాకెత్తాను. వేయించేటప్పుడు మాత్రం సన్న సెగే. నూనె మరీ కాగితే చూస్తుండగానే మాడిపోతాయి. ముదురు కాయలు విత్తనాలకని మొక్కకే వదిలేశాను.