పరారుణంలోని ‘పర’, పరశ్రావ్యంలోని ‘పర’ ఒకటేనా?

అనువాదకుడు:
బడిలో మా భౌతికశాస్త్రం మాస్టారు చెప్పిన ఒక వాక్యం నాలుగు రోజులుగా నన్ను వెంటాడుతోంది. ‘అరుణానికి ఆవల పరారుణం, నీలలోహితానికి ఆవల అతినీలలోహితం’ అన్నంతవరకు బాగా గుర్తుంది. ఆ వెంటనే అదే తూకంలో ధ్వని గురించి మరో పాదం చెప్పేవారు. అందులో ‘పర’ను చెవికి అందనంత తక్కువ పౌనఃపున్యానికి వాడారో, ఎక్కువ పౌనఃపున్యానికి వాడారో ఎంత తలచుకున్నా జ్ఞప్తికి రావడం లేదు.

కాంతిధ్వని చిత్రణ మీద జరిగే ఒక పరిశోధనలో పాల్గొనే రోగుల కోసం సమాచార పత్రాన్ని తెలుగు చేస్తున్నాను. కొన్ని నానోసెకండ్లు మాత్రమే ఉండే లేజరు పల్స్‌ను చర్మం మీదికి పంపితే, రక్తంలోని హీమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకొని, ఒక డిగ్రీలో చాలా చిన్న భాగం మేర వేడెక్కి, వ్యాకోచించి ధ్వనిని పుట్టిస్తుంది. చర్మానికి ఆనించిన ప్రోబు ఆ ధ్వనిని అందుకుంటుంది. లోపలికి వెళ్లేది పరారుణ కాంతి. బయటికి వచ్చేదాన్ని హిందీ ప్రతిలో ‘పరాశ్రవ్య’ తరంగం అన్నారు. దాన్ని చూసి తెలుగు ముసాయిదాలో ‘పరశ్రావ్య తరంగం’ అని రాశారు. ఇది సరైనదేనా?

భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని:
సరైనది కాదండీ, వెంటనే మార్చండి. మన పాఠ్యపుస్తకాలలో పరశ్రావ్యాలంటే 20 హెర్ట్జ్‌కు తక్కువైనవి; 20,000 హెర్ట్జ్‌కు మించినవి అతిధ్వనులు. మీ ప్రోబు అందుకునేది మెగాహెర్ట్జ్‌లలో ఉండే ధ్వని కాబట్టి ఆ ముసాయిదా దాన్ని పూర్తిగా రెండో కొసకు చేర్చింది. హిందీలో పరారుణాన్ని ‘అవరక్త’ అని, అతినీలలోహితాన్ని ‘పరాబైంగనీ’ అని అంటారు. అంటే వారి ‘పరా’ మన ‘అతి’, వారి ‘అవ’ మన ‘పర’. ఏ భాషకు ఆ భాషలో పద్ధతి కుదురుగానే ఉంది. ఒకదాని నుంచి మరొకదానికి అక్షరాలు మోసుకొచ్చినప్పుడే ప్రమాదం.

సంస్కృత విద్యార్థి:
‘పర’, ‘పరా’ వేరువేరు మాటలని గమనించాలి. పరలోకం, పరదేశం అన్నప్పుడు ‘పర’కు ఆవలిది అని అర్థం. పరాజయం, పరాభవం అన్నప్పుడు ‘పరా’ ఉపసర్గ. దానికి వెనక్కి, దూరంగా అనే అర్థాలున్నాయి. పరారుణాన్ని పర + అరుణం అని విడదీసినా, పరా + అరుణం అని విడదీసినా సవర్ణదీర్ఘమే వస్తుంది కనుక ఆ మాటను చూసి ఏదీ తేల్చలేము. పరశ్రావ్యంలో హ్రస్వం ఉంది కాబట్టి అక్కడ ‘పర’ అనక తప్పదు. పరారుణాన్ని మాత్రం ఉపసర్గతో చేశారని, వెనక్కి తగ్గిన పౌనఃపున్యమే ఆ ఉపసర్గలోని భావమని నా నమ్మకం.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని:
ఆ నమ్మకంతో నేను ఏకీభవించలేను. 1800లో ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ పట్టకం నుంచి వచ్చిన రంగులను బల్ల మీద పరచి, ఎరుపు అంచు దాటిన చోట ఉష్ణమాపకం ఉంచితే అక్కడ వేడి ఇంకా ఎక్కువగా కనిపించింది. అది పౌనఃపున్యం తగ్గిన చోటు అని ఆయన అనుకోలేదు. ఎరుపుకు ఆవలి చోటు అనే చూశాడు. తరంగదైర్ఘ్యంతో కొలిస్తే ఎరుపును దాటడమంటే పెరగడమే కదా! కాబట్టి ఇది ఆవలిది అనే అర్థంలోని ‘పర’యే.

పద్యప్రియుడు:
ఆ ‘ఆవల’ను పోతన గారు వాడినట్టు మరెవరూ వాడలేదు. గజేంద్రుడి మొరలో ‘పెంజీకటి కావల’ వెలిగేవాడిని సేవిస్తానంటాడు. కంటికి అందని చోట కూడా వెలుగు ఉందన్న ఆ ఊహ ముందు పరారుణమన్న మాట నాకు చిన్నదిగా తోస్తుంది.

సంస్కృత విద్యార్థి:
అది ‘కవ్వల’ అండీ, ‘కావల’ కాదు. ‘పెంజీకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుఁగు’ అన్నది పాఠం. సంస్కృత భాగవత మూలంలో ఆ చోట ‘పారే’ అని ఉంది, అంటే ఆవలి ఒడ్డున అని.

పద్యప్రియుడు:
సవరించినందుకు కృతజ్ఞతలు. అయితే కందంలో ‘కవ్వల’, ‘కావల’ రెండూ నాలుగు మాత్రలే, రెండూ భగణమే. కాబట్టి గణాలు లెక్కపెట్టి నన్ను తప్పుపట్టలేరు. ‘కవ్వల నెవ్వం’ అన్నప్పుడు వకారం రెండుసార్లు ఒత్తి పలకడంలోని అందం చూసి మీ పాఠాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను.

వాల్తేరు వాసి:
కాంతీ ధ్వనీ కలిసిన చోటు గురించి మాట్లాడుతూ మన వాళ్లను మరిచిపోవడం బాధగా ఉంది. అతిధ్వని తరంగాల గుండా పోయే కాంతి ఎలా వివర్తనం చెందుతుందో రామన్, నాగేంద్రనాథ్ 1935, 1936 సంవత్సరాలలో వివరించారు. ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట పరిశోధనకు రంగధామరావు గారు పునాది వేశారు. సూరి భగవంతం గారు రామన్ వర్ణపటాల మీదా అతిధ్వనుల మీదా పనిచేశారు. కాంతి పడితే పదార్థం ధ్వనిస్తుందని 1880లోనే టెలిఫోను కనిపెట్టిన బెల్ గమనించాడు. నేటి పరికరం ఆ దారిలోదే.

అనువాదకుడు:
‘అతిధ్వని’ అని మార్చాను. కానీ వార్డులో చదివి వినిపిస్తే ఒక పెద్దావిడ ‘అంత పెద్ద చప్పుడు చేస్తుందా బాబూ?’ అని భయపడ్డారు. అతి అంటే మన వాడుకలో మితిమీరినది అనే కదా అర్థం. ‘అతిశ్రావ్యం’ అంటే బాగుంటుందా?

భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని:
శ్రావ్యమంటే తెలుగువారికి చెవికి ఇంపైనది. ‘అతిశ్రావ్యం’ అంటే ఎంతో మధురంగా పాడారని అనుకుంటారు. ఈ జంటలో ఒకదానికి శ్రావ్యం, రెండోదానికి ధ్వని రావడానికి కారణం ఇదేనని నా ఊహ. మీ పత్రంలో మొదట ‘చెవికి వినిపించని ధ్వని’ అని రాసి, కడుపు స్కానింగ్‌లో వాడే ధ్వని వంటిదేనని చెప్పి, ఆ తరువాత అతిధ్వని అన్న పేరు పెట్టండి.

వాల్తేరు వాసి:
కాంతికి కూడా ఒక వాక్యం కావాలి. ఇటువంటి పనికి 700 నుంచి 900 నానోమీటర్ల వరకు అనేక తరంగదైర్ఘ్యాలు వాడతారు. ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్, లేని హీమోగ్లోబిన్ 800 నానోమీటర్ల దగ్గర దాదాపు సమానంగా కాంతిని పీల్చుకుంటాయి. దానికి అటూ ఇటూ తేడా చూపుతాయి కాబట్టే రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో అంచనా కట్టగలుగుతారు. ఆ పరిధి తొలి కొసలో ఎరుపు ఇంకా మసకగా కనిపిస్తుంది కనుక అంతటినీ పరారుణం అనకుండా ‘ఎరుపు, పరారుణ కాంతి’ అనండి.

అనువాదకుడు:
రెండు సూచనలూ పాటించాను. మాస్టారి రెండో పాదం మాత్రం ఇంకా దొరకలేదు. ‘వినికిడికి ఆవల’ అని మొదలయ్యేదనుకుంటున్నాను.

సంస్కృత విద్యార్థి:
‘ఆవల’ అని గట్టిగా గుర్తుందా? సున్నా నుంచి లెక్కించుకుంటూ వస్తే 20 హెర్ట్జ్‌కు లోపలిది వినికిడికి ఈవలే ఉంటుంది. మాస్టారు ‘ఈవల’ అని ఉంటే, పరారుణంలో నేను చూసిన వెనక్కి అనే అర్థాన్నే ఆయన పరశ్రావ్యంలోని ‘పర’కూ తీసుకున్నారన్నమాట.

అనువాదకుడు:
అది ‘ఆ’నో ‘ఈ’నో చెప్పలేకపోతున్నాను. ఆనాటి నోటుపుస్తకం దాచుకున్న సహాధ్యాయి ఒకరున్నారు. ఈ ఆదివారం వెళ్లి అడుగుతాను.