సీనియర్ లైన్ కోచ్ తప్పుకుంటే పని అప్పగింత ఎలా? సలహా కావాలి

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ (సాకర్ కాదండీ, హెల్మెట్ల ఆట) స్టాఫ్‌లో పనిచేసినవాళ్లు చెప్పాలి.

ఏళ్ల తరబడి ఒకేచోట ఉన్న ఆఫెన్సివ్ లైన్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఐదుగురి వరుస) కోచ్ జనవరిలో తప్పుకుంటున్నారు. వసంతకాలంలో దొరికేది 15 ప్రాక్టీసులే. చిక్కంతా ప్లేబుక్‌తో (ఎత్తుగడల పుస్తకం) కాదు, ఆటలో లైన్‌వాళ్లు ఒకరికొకరు వేసుకునే కేకలతో. ‘రోజర్’ అంటే లైన్ కుడికి జరగాలి, ‘లూయీ’ అంటే ఎడమకి. కొత్తాయన వేరే మాటలు తెచ్చారనుకోండి, సెంటర్ (వరుసలో నడిమివాడు) ఒకటి అరుస్తాడు, గార్డ్ (అతని పక్కవాడు) బుర్రలో పాతదే మోగుతుంది. ఇద్దరి మధ్య ఉండే సందు, అదే ఎ-గ్యాప్, బార్లా తెరుచుకుని, ఎదుటి జట్టు లైన్‌బ్యాకర్ అడ్డులేకుండా క్వార్టర్‌బ్యాక్ మీద పడతాడు. ఐదుగురు కుర్రాళ్లు కొత్త పదాలు నేర్చుకునేకంటే కోచ్ ఒక్కరే పాతవి నేర్చుకోవడం మేలనిపిస్తోంది. అలా ఒప్పించినవాళ్లున్నారా?

ఇంకోటి. 2024 నుంచి అనలిస్టులు (తెర వెనక ఆటను విశ్లేషించే సిబ్బంది) కూడా మైదానంలో కోచింగ్ ఇవ్వచ్చు కదా, పాతాయన్ని ఆ హోదాలో ఒక సీజన్ ఉంచుకుంటే? కొత్త ఆటగాళ్ల కోసం రిక్రూటింగ్ తిరుగుళ్ల బాధ ఆయనకు తప్పుతుంది. కానీ కుర్రాళ్లు ప్రతి సందేహానికీ ఆయన దగ్గరికే పరిగెడితే కొత్తాయన మాట చెల్లుతుందా?

ప్రకటన ఎప్పుడు చేయాలన్నది కూడా తేలట్లేదు. వర్జీనియా టెక్‌లో డిఫెన్స్‌ను నడిపిన కోచ్ బడ్ ఫాస్టర్ ఆ ఏడాదితో తప్పుకుంటానని 2019 సీజన్ మొదలవకముందే, ఆగస్టులోనే చెప్పేశారు. హెడ్ కోచ్ వెళ్తే ఆటగాళ్లకు ట్రాన్స్‌ఫర్ (వేరే కాలేజీకి మారే) గడువు విడిగా తెరుచుకుంటుంది, అసిస్టెంట్ వెళ్తే తెరుచుకోదు. మరి రిక్రూట్‌లు (చేరబోయే కొత్త కుర్రాళ్లు) డిసెంబర్‌లో కాలేజీతో సంతకాలు చేసేముందే వాళ్లకు చెప్పేయడం మంచిదా?