హ్యాంగైన సర్వర్‌ని దూరం నుంచి లేపాలంటే స్మార్ట్ ప్లగ్ చాలా, వాచ్‌డాగ్ కావాలా?

తీగలగది: మనిషి లేని గదిలో లినక్స్ సర్వర్ ఉంది. క్రాషైతే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగినయ్యే దారి) కూడా అందదు. స్మార్ట్ ప్లగ్‌తో కరెంటు తీసి మళ్లీ ఇస్తే సరిపోతుందా?

వోల్టు: సరిపోతుంది. ముందు బయాస్‌లో (మెషీన్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో) ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ని ‘పవర్ ఆన్’లో పెట్టండి, లేదంటే కరెంటొచ్చినా మెషీన్ లేవకపోవచ్చు. తీశాక 30 సెకన్లు ఆగండి. పవర్ సప్లైలో కెపాసిటర్లు ఖాళీ కాకముందే ఇస్తే, కరెంటు పోయిందన్న సంగతే బోర్డుకి తెలియదు.

బిట్లమూట: నెట్‌వర్క్ సంకేతంతో మెషీన్‌ని లేపే వేక్ ఆన్ ల్యాన్ ఉందిగా, ఊరికే వచ్చేది!

వోల్టు: అది ఆఫయినదాన్నో నిద్రలో ఉన్నదాన్నో లేపుతుంది. హ్యాంగైనది ఆన్‌లోనే ఉంది కదండీ.

కెర్నల్‌గూడు: రూటర్ పడిపోతే మీ ప్లగ్‌కి ఆదేశం ఎలా అందుతుంది? ప్లగ్ వాళ్లెవరూ దీనికి జవాబు చెప్పరు. వాచ్‌డాగ్ అంటే సిస్టమ్ నుంచి సంకేతం వస్తోందా అని కాచుకునే హార్డ్‌వేర్ టైమర్. లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో ‘రన్‌టైమ్ వాచ్‌డాగ్ సెక్’ 30 సెకన్లు పెట్టండి. సంకేతం ఆగిందా, హార్డ్‌వేరే రీసెట్ కొడుతుంది. లినక్స్ కెర్నల్ కోలుకోలేని తప్పుతో ఆగిపోవడమే పానిక్. ‘కెర్నల్.పానిక్’ 10 చేయండి, పది సెకన్లకి రీబూట్ అవుతుంది. 0 ఉంటే పానిక్ అయిన చోటే ఆగిపోతుంది.

వోల్టు: సిస్టమ్‌డీ బతికుండి నెట్‌వర్క్ డ్రైవర్ చస్తే? మీ వాచ్‌డాగ్‌కి అంతా బాగున్నట్టే.

కెర్నల్‌గూడు: వాచ్‌డాగ్ డీమన్‌లో (వెనకాల నడిచే ప్రోగ్రాం) గేట్‌వేకి, అంటే రూటర్‌కి, జవాబిస్తోందా అని చూసే పింగ్ పరీక్ష పెట్టుకోవచ్చు. మాన్యువల్ చదివి వాదించండి.

వోల్టు: పెట్టండి! రూటర్ పడినప్పుడల్లా నిక్షేపంలాంటి సర్వర్ రీబూట్ అవుతుంది. డిస్క్ చావబోతుంటే ఎవరూ చూడకుండా అదే పనిగా రీబూట్లా? నా గొడవంతా దానితోనే. ముందు మనిషి చూడాలి, తర్వాతే బటన్.

కెర్నల్‌గూడు: అర్ధరాత్రి చూసేదెవరు? పొద్దున దాకా సర్వీసు పడుకోవాలా? ఇన్ని పోస్టుల తర్వాతా అసలు మాట చెప్పేది!

బిట్లమూట: డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఎవరి పద్ధతైనా పాస్‌వర్డ్ దగ్గర ఆగుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో (డిస్క్ తెరవకముందు నడిచే బుల్లి సిస్టమ్) డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పెట్టండి, పాస్‌వర్డ్ ఎస్ఎస్‌హెచ్‌లో కొట్టొచ్చు.

లాగ్‌లోతు: కరెంటు తీస్తే క్రాష్ కారణం ర్యామ్‌తో పాటే పోతుంది. పానిక్ అయినప్పుడు మెమరీని ఫైల్లోకి రాసే కేడంప్ పెట్టినా, డంప్ రాసేలోపే వాచ్‌డాగ్ రీసెట్ కొడితే సగం ఫైలే మిగులుతుంది. ఐపీఎంఐ (సర్వర్ హ్యాంగైనా బోర్డుని దూరం నుంచి నడిపే విడి ఏర్పాటు) ఉన్న బోర్డైతే సీరియల్ ఓవర్ ల్యాన్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే కన్సోల్‌లో, ఆఖరి లైన్లు చూడండి. తర్వాత ఐపీఎంఐటూల్‌లో ‘ఛాసిస్ పవర్ డయాగ్’ కొట్టండి, అది సర్వర్‌కి ఎన్ఎంఐ (పక్కన పెట్టలేని హార్డ్‌వేర్ సంకేతం) పంపుతుంది. ‘అన్‌నోన్ ఎన్ఎంఐ పానిక్’ ముందే 1 చేసి ఉంటే పానికై డంప్ రాస్తుంది. అదీ పనిచేయకపోతేనే ‘పవర్ సైకిల్’. ఐపీఎంఐ నెట్‌వర్క్ పోర్టు మాత్రం వీపీఎన్ వెనకే ఉండాలి.

తీగలగది: నా బోర్డులో ఐపీఎంఐ లేదు.

వోల్టు: ప్లగ్.

కెర్నల్‌గూడు: వాచ్‌డాగ్.