క్రొయేషియాలో స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ దారిలో కోట గోడల ఊళ్లు: ఏవి చూడాలి?

ప్రశ్న: జూన్‌లో కారులో వెళ్తున్నాం. అమ్మానాన్నలు ఎక్కువ మెట్లు ఎక్కలేరు. మా షెంగెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారే లోపలికి రానిస్తారు. సలహా చెప్పండి.

జవాబు 1: ముందు వీసా సంగతి చూసుకోండి. పాత తీరం రోడ్డు నెయుమ్ దగ్గర షెంగెన్‌లో లేని బోస్నియాలోకి వెళ్లి మళ్లీ క్రొయేషియాలోకి వస్తుంది. సింగిల్ ఎంట్రీతో అలా బయటికి వెళ్తే తిరిగి రానివ్వరు. బోస్నియాను తప్పించే, 2022లో తెరిచిన పెల్యెషాట్స్ వంతెన మీదుగానే వెళ్లండి. మ్యాప్‌లో గమ్యం డుబ్రోవ్నిక్ అని కాకుండా ముందు వంతెన దాటాక వచ్చే స్టోన్ ఊరిని పెట్టండి, పొరపాటున నెయుమ్ వైపు తిరగరు.

జవాబు 2: స్టోన్‌ను వదలకండి. ఉప్పు మడుల కాపలాకి డుబ్రోవ్నిక్ పాలకులు 14వ శతాబ్దంలో మొదలుపెట్టిన గోడ ఇంకా 5 కి.మీ. పైనే నిలిచి ఉంది. గోడ మీద స్టోన్ నుంచి మాలి స్టోన్‌కు సుమారు ముప్పావు గంట. నిటారు మెట్లు, నీడ అసలుండదు. పొద్దున్నే ఎక్కండి, నీళ్లు మీరే తీసుకెళ్లండి. నున్నబడ్డ రాళ్ల మీద చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి. పెద్దవాళ్లను కారులో మాలి స్టోన్‌లో దింపేయండి, రెండూళ్ల మధ్య కిలోమీటరే. అక్కడి ఆయిస్టర్లు చాలా బాగుంటాయి.

జవాబు 3: అమ్మానాన్నలకు నా ఓటు ట్రోగిర్‌కే. అది డుబ్రోవ్నిక్ దారిలో కాదు, స్ప్లిట్‌కు అవతలి వైపు, పడమరన ఉంది; బయల్దేరే ముందే చూసుకోండి. చిన్న ద్వీపం, దాదాపు అంతా చదును. కారు వంతెనకు ఇవతలే ఆపాలి. కెథెడ్రల్‌లో రాడొవాన్ అనే శిల్పి చెక్కిన 1240 నాటి ద్వారం దగ్గర తీరిగ్గా నిలబడండి.