బొమ్మలేస్తే నిజంగా స్ట్రెస్ తగ్గుతుందా?

ప్రశ్న:
ఈమధ్య ఆఫీస్ పనయ్యాక ఫోన్ పక్కన పడేసి వాటర్ కలర్స్‌తో ఏదో ఒకటి గీస్తున్నా, తడి కాగితం మీద రంగు అలా పాకుతుంటే చూస్తూ టైమే తెలీట్లేదు, తల తేలికైపోతోంది. బ్రెయిన్‌లో నిజంగా ఏమన్నా జరుగుతుందా, నా భ్రమా? పైగా నాకు బొమ్మలు అస్సలు రావు, కాకిని వేస్తే కోడిలా ఉంటది

జవాబు 1:
భ్రమేం కాదండి. 2016లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 39 మందికి మార్కర్లు, బంకమట్టి, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ (స్ట్రెస్ హార్మోన్) కొలిస్తే సుమారు 75 శాతం మందికి తగ్గింది. ఆర్ట్ అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. మీ కాకికి ఢోకా లేదు 😀

జవాబు 2:
39 మందే కదా బ్రో, పోల్చడానికి ఇంకో గ్రూప్ కూడా పెట్టలేదు. అంతసేపు ఊరికే కూర్చున్నా తగ్గేదేమో ఎవడు చూశాడు

జవాబు 3:
పాటల విషయంలో ఇంకాస్త గట్టి ఆధారమే ఉంది. 2011లో మాంట్రియల్‌లో, పాట వింటే ఒళ్ళు జలదరించే వాళ్ళని స్కాన్ చేస్తే డోపమైన్ (మెదడులో హాయి, ఆనందంతో ముడిపడ్డ రసాయనం) విడుదలవడం కనిపించింది, అదీ పాటలో ఆ జలదరించే ఘట్టం వచ్చినప్పుడే కాదు, ఇదిగో వస్తోంది అని ఎదురుచూసేటప్పుడు కూడా, మెదడులో వేరే చోట. నాకైతే భలే అనిపించింది.

ప్రశ్న అడిగినవారు:
ఓహ్, అందుకేనా విన్న పాటే మళ్ళీ మళ్ళీ వింటాం! థాంక్సండి