1/25 డాడ్జ్ ఛార్జర్ కిట్: టాపు ఎత్తుగా కనబడుతోంది, కోసి తగ్గించాలా?

వరంగల్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. 1969 డాడ్జ్ ఛార్జర్ ఆర్/టి ప్లాస్టిక్ మోడల్ కిట్ చేస్తున్నాను, 1/25 స్కేలు, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు. పాత అచ్చుతోనే మళ్ళీ వదిలిన కిట్. బాడీ, చాసిస్, చక్రాలు అంటించకుండా ఊరికే కలిపి చూశాను. అసలు కారు ఫొటోల పక్కన పెడితే ఏదో తేడా కొడుతోంది. టాపు పైకి లేచినట్టుంది, ముక్కు లావుగా ఉంది, చక్రాల మీద ఖాళీ ఎక్కువ. ముందు ఇరుసు ఒకే ఇనుప కడ్డీ, అది ఇంజిన్‌లోంచి దూరి అవతలికి వస్తోంది. మడ్‌గార్డుల మీది చిన్న లైట్లు కిట్‌లో గుండ్రంగా ఉన్నాయి, ఫొటోల్లో మాత్రం పలకగా ఉన్నాయి. టాపు కోసి దించమని ఒక స్నేహితుడు అంటున్నాడు. రంగు వేసేలోపు తేల్చుకోవాలి. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

విశాఖ నుంచి జవాబు

తమ్ముడూ, రంపం పక్కన పెట్టి వెర్నియర్ తియ్యి.

1/25లో లెక్క చాలా సులువు. అసలు కారులో ఒక అంగుళం మోడల్లో 1.016 మి.మీ. అవుతుంది. అంటే అంగుళాల కొలతనే మిల్లీమీటర్లుగా చదువుకుని, నూటికి ఒకటిన్నర కలిపితే సరిపోతుంది. ఛార్జర్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 117 అంగుళాలు, నీకు 119 మి.మీ. దగ్గర రావాలి. పొడవు 208 అంగుళాలు, అది 211 దగ్గర రావాలి. వీల్‌బేస్ 124 దగ్గర వస్తే నీ చేతిలో ఉన్నది 1/24 కిట్. ఇది కూడా చూసుకోవాల్సిందే. కిట్ కంపెనీల్లో మోనోగ్రామ్ కార్లు ఎక్కువగా 1/24, ఏఎమ్‌టీ, ఎమ్‌పీసీ కార్లు 1/25. 1986లో రెవెల్, మోనోగ్రామ్ కలిశాక రెండు స్కేళ్ళూ ఒకే పేరు మీద వస్తున్నాయి. పెట్టె మీద స్కేలు చూడకుండా ఒకదాని ఇంజిన్ ఇంకోదానిలో పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

టాపు ఎత్తుని బల్ల మీద నుంచి కొలవకు. ఆ కొలతలో టైర్లు, ఇరుసు కూడా కలిసిపోతాయి. బాడీ ఒక్కటే చేతిలోకి తీసుకో. డోరు కింది అంచు నుంచి అద్దం కింది గీత వరకు ఎంత, అక్కడి నుంచి టాపు వరకు ఎంత, ఈ రెండూ కొలువు. అసలు కారుని సరిగ్గా పక్క నుంచి, దూరంగా నిలబడి తీసిన ఫొటోలో కూడా అవే రెండు కొలువు. రెండు చోట్లా నిష్పత్తి ఒకటే అయితే టాపులో తప్పు లేదు. నిష్పత్తికి స్కేలుతో పని లేదు కాబట్టి ఫొటో ఏ సైజులో ఉన్నా ఫరవాలేదు.

మిషిగన్ నుంచి జవాబు

విశాఖ అన్నగారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఫోన్‌తో దగ్గరగా తీస్తే ఏ మోడల్‌కైనా ముక్కు లావెక్కుతుంది, వెనక భాగం చిక్కిపోతుంది. అసలు కారుని ఇరవై అడుగుల దూరం నుంచి తీశారనుకోండి, దాన్ని 1/25కి మారిస్తే మీ ఫోన్ 24 సెం.మీ. దూరంలో ఉండాలి. కంపెనీ ప్రకటనల ఫొటోలు ఇంకా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తారు. యాభై అడుగులంటే మోడల్‌కి 61 సెం.మీ. అంత దూరం జరిగి జూమ్ చేయండి. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు ఐదున్నర అడుగులనుకుంటే ఫోన్ లెన్సు బల్ల మీద నుంచి 67 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఇలా తీసి పక్కపక్కన పెట్టి చూడండి. సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

ఆగస్టులో డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి వెళ్తుంటాను. ఛార్జర్లు రోడ్డు పక్కనే ఆగి ఉంటాయి. ఓనర్లని మర్యాదగా అడిగితే టేపు పెట్టి కొలుచుకోనిస్తారు. ఈ కారు వెనకద్దం లోపలికి ఉంటుంది, దానికి రెండు పక్కలా టాపు దూలాల్లా డిక్కీ మీదికి జారుతుంది. కిట్లలో అసలైన ఆకారం తప్పు దొర్లితే ఎక్కువగా అక్కడే దొర్లుతుంది. ఆ జారుడు మీద వేలు పెట్టి చూడండి. సన్నగా పోతూ డిక్కీలో కలిసిపోవాలి, మొద్దుగా ఆగకూడదు.

ఇక లైట్ల సంగతి. మడ్‌గార్డు లైట్లు గుండ్రంగా ఉంటే అది 1968 బాడీ. 1969లో అవి పలకగా మారాయి. గ్రిల్ మధ్యలో అడ్డు వచ్చింది. వెనక నాలుగు గుండ్రటి లైట్లు పోయి రెండు పొడుగు లైట్లు వచ్చాయి. 1970లో ముందు బంపర్ గ్రిల్ చుట్టూ తిరిగే ఒకే క్రోమ్ చట్రం అయింది. మీ గ్రిల్, వెనక లైట్లు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి.

వరంగల్ నుంచి

కొలిచానండి. వీల్‌బేస్ 119, పొడవు 210కి కాస్త పైన. టాపు నిష్పత్తి ఫొటోతో కలిసింది. అక్క చెప్పినట్టు దూరం జరిగి తీస్తే ముక్కు కూడా మామూలుగానే ఉంది. గ్రిల్‌కి మధ్యలో అడ్డు ఉంది, వెనక లైట్లు పొడుగ్గా ఉన్నాయి, మడ్‌గార్డు లైట్లు మాత్రమే గుండ్రంగా ఉన్నాయి. టైరు 24 మి.మీ. ఉంది. చక్రాల మీద ఖాళీ మాత్రం అలాగే ఉంది.

విశాఖ నుంచి జవాబు

అయితే నీ బాడీ మంచిదే. కారు నిలబడిన తీరే తప్పు. ఆర్/టికి వచ్చే ఎఫ్70-14 టైరు వ్యాసం సుమారు 26 అంగుళాలు, నీకు 26 మి.మీ. పైన ఉండాలి. చిన్న టైరు పెట్టి, ఇరుసు రంధ్రం కిందికి ఉంటే ఏ కారైనా కాళ్ళెత్తి నిలబడినట్టే ఉంటుంది. వేరే 1/25 కిట్ నుంచి సరైన సైజు టైర్లు తెచ్చుకో. టైరు మారితే కారు మొత్తం మిల్లీమీటరుకి పైగా లేస్తుంది, అది కూడా కలుపుకుని ఇరుసుని చాసిస్‌లో పైకి జరపాలి. ఎంత జరపాలో ఫొటోలోనే ఉంది. మడ్‌గార్డు అంచు నుంచి చక్రం మధ్య వరకు ఎంత ఉందో, అది టైరు వ్యాసంలో ఎన్నో వంతో చూసి, మోడల్లో అదే రప్పించు.

ముందు ఇరుసుకి ఇలా చెయ్యి. ఆ పాత కిట్లలో చక్రాలు గట్టిగా తిరగాలని ఒకే కడ్డీ వేసేవారు, దాని కోసమే ఇంజిన్‌కి రంధ్రం. కడ్డీ మధ్య భాగం కోసి పారెయ్. రెండు చివర్లూ చెరో పక్క చిన్న ఇత్తడి గొట్టంలో పెట్టి, కొత్త ఎత్తులో సూపర్‌గ్లూతో బిగించు. ఇంజిన్ రంధ్రంలోకి స్ప్రూ (కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ కాడ) ముక్క దూర్చి ప్లాస్టిక్ సిమెంటు పోసి రాత్రంతా వదిలెయ్. తెల్లారి కోసి, పైన పలచగా లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్దు. కార్ల పెయింటింగ్ షాపు ఎన్‌సీ పుట్టీ వాడొచ్చు గానీ మందంగా పెడితే అందులోని థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. పలచగా, పొర ఆరాక పొర పెట్టాలి.

గుండ్రటి లైట్లు కూడా గీకేసి లప్పంతో పూడ్చు. పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటులో పలక ముక్కలు కోసి అంటించు. నాలుగూ ఒకే సైజు రావాలంటే ముందు ఒకే పట్టీ కోసి, దాన్నే నాలుగు ముక్కలు చెయ్యి.

హైదరాబాద్ నుంచి ప్రశ్న

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను 1970 ప్లిమత్ కుడా మోడల్‌కి డాడ్జ్ ఛాలెంజర్ కిట్ చాసిస్ వేద్దామనుకుంటున్నాను. రెండూ క్రైస్లర్ వాళ్ళ ఒకే ఈ-బాడీ కుటుంబం కదా?

మిషిగన్ నుంచి జవాబు

కుటుంబం ఒకటే, వీల్‌బేస్ వేరండి. ఛాలెంజర్ 110 అంగుళాలు, కుడా 108. స్కేల్లో రెండు మిల్లీమీటర్లు తేడా. వెనక చక్రం మడ్‌గార్డు మధ్యలో కాకుండా వెనక్కి పోతుంది, చూసినవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. ఆ రెండు మిల్లీమీటర్లు కోసి కలిపితేనే వాడండి.

వరంగల్ నుంచి

ఇంజిన్ 426 హెమీ పెడుతున్నాను. ప్లగ్ వైర్లు ఏ దారం వాడాలి? క్రోమ్ బంపర్ మీద అచ్చు అతుకు గీత కనబడుతోంది, దానికేం చెయ్యాలి?

విశాఖ నుంచి జవాబు

దారం వద్దు, నూగు కనబడుతుంది. ప్లగ్ వైరు అసలు మందం 7 మి.మీ., స్కేల్లో 0.28. మోటార్ వైండింగ్ షాపులో 30 గేజ్ ఎనామిల్ వైరు అడుగు, 0.3 మి.మీ. పైచిలుకు ఉంటుంది, అది చాలు. అర మిల్లీమీటరు వైరు వేస్తే ఇంజిన్ మీద నీళ్ళ పైపులు వేసినట్టుంటుంది. హెమీకి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకి కరెంటు పంచే భాగం) ముందు పక్కన ఉంటుంది, షెవర్లే వీ8కి వెనక. కిట్ కాగితంలో బొమ్మ ఎలా ఉన్నా ఇది మరిచిపోకు. వైర్లు వాల్వ్ కవర్ల పైనుంచే లోపలికి దిగుతాయి, పక్క నుంచి కాదు. ఇంజిన్ ఆరెంజ్, వాల్వ్ కవర్లు నలుపు. ఆ నలుపు ముడతలు తేలిన పెయింట్, నిగనిగలాడకూడదు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు వెలిగే వరుస) 1-8-4-3-6-5-7-2, డ్రైవర్ వైపు 1, 3, 5, 7.

బంపర్‌ని మామూలు బట్టల బ్లీచ్‌లో నానబెడితే క్రోమ్ ఊడిపోతుంది. గీత రుద్దేసి, నిగనిగలాడే నలుపు వేసి, అది బాగా ఆరాక పైన క్రోమ్ పెయింట్. బ్లీచ్ పని బాల్కనీలోనో పెరట్లోనో, చేతికి గ్లవ్స్ వేసుకుని చెయ్యి. అదే గిన్నెలో బాత్‌రూమ్ యాసిడ్ చుక్క కూడా పడకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది, చాలా ప్రమాదం.

మిషిగన్ నుంచి జవాబు

ఇంకొకటి. మడ్‌గార్డు మీద, డోరు మీద ఉబ్బెత్తు అక్షరాలు ఈ పాత అచ్చుల్లో అరిగిపోయి ఉంటాయి, రంగు పడగానే మాయమవుతాయి. రంగుకి ముందే వాటి మీద బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురున్న పలచటి మెరుపు రేకు) అతికించి, టూత్‌పిక్‌తో ఒత్తి, అంచులు కోసేయండి. రంగు వేశాక గుడ్డ చుట్టిన టూత్‌పిక్‌ని థిన్నర్‌లో కొంచెం తడిపి అక్షరాల పైభాగం మాత్రం తుడవండి, కింద మెరుపు తేలుతుంది. ముందు పనికిరాని ముక్క మీద చేసి చూసుకోండి. ఇక వెనక ఎడమ మడ్‌గార్డు మీద గుండ్రటి పెట్రోల్ మూత ఉండాలి, రేసు కార్లకి ఉండే రకం. మీ కిట్‌లో అది అచ్చులోనే ఉంటే చుట్టూ గీతని కత్తి వెనక వైపుతో కాస్త లోతు చేయండి, రంగు పూడ్చకుండా ఉంటుంది.

వరంగల్ నుంచి

టైర్లకి ఆర్డర్ పెట్టాను. ఇరుసు పని రేపు మొదలుపెడతాను. టాపు జోలికి పోవడం లేదు.