ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చలు లేవంటున్నారు, కానీ చెల్లి నడక తగ్గుతోంది. ఏం అడగాలి?

మాది గుంటూరు, బ్రాడీపేట. మా చెల్లికి 2019 నుంచి మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) ఉంది. మొన్నటి బ్రెయిన్ ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చలు లేవని, కాంట్రాస్ట్ (కొత్త వాపు ఉన్న మచ్చలు మెరిసేలా నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చినా ఏ మచ్చా మెరవలేదని రాశారు. అంటే మెదడులో కొత్తగా వాపు లేనట్టే కదా! కానీ ఆర్నెల్ల కిందట అరండల్‌పేట దాకా నడిచి వెళ్లొచ్చిన పిల్ల, ఇప్పుడు మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

కొత్త మచ్చలు రాకపోయినా మెదడు కుంచించుకుపోవడం వల్లో, వెన్నుపాము దెబ్బతినడం వల్లో జబ్బు ముదరొచ్చని చదివాను. పాత స్కాన్ విజయవాడలో 1.5 టెస్లా (అయస్కాంత శక్తి కొలత) మెషీన్‌ మీద తీయించాం, కొత్తది 3 టెస్లా. రెండింటినీ పోల్చి చూడొచ్చా? వెన్నుపాము స్కాన్ కూడా తీయమని అడగాలా? ఇంట్లో ఈ జబ్బు చూసినవాళ్లు, న్యూరాలజిస్టును ఏమేం అడగాలో దయచేసి చెప్పండి.